నక్షాలో నది సగమేనా?

వానకాలం వచ్చిందంటే గోదావరి ఒడ్డు జిల్లాల కలెక్టరేట్లలో వరద సమీక్షలు మొదలవుతాయి. ప్రతి సమీక్షలోనూ ఒక మాట తప్పదు: ‘ఎగువ రాష్ట్రాలతో ఎప్పటికప్పుడు సమాచారం పంచుకుంటున్నాం.’ ఎవరు ఎవరితో పంచుకుంటున్నట్టు? అవతలి ఒడ్డున మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ అధికారి, ఇవతల తెలంగాణలోని మహదేవ్‌పూర్ అధికారికి ఫోన్ చేస్తే అదీ పంచుకోవడమే, కాదనం. కానీ ఆ ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో ఒడ్డున పత్తి, మిర్చి వేసుకున్న రైతుకు తెలిసేసరికి చేను నీళ్లలో ఉంటుంది. అంతకుముందే ఆయనకు కబురందిందంటే అది అవతలి ఒడ్డున బిడ్డనిచ్చిన ఇంటి నుంచే. సిరోంచలోనూ తెలుగే మాట్లాడతారు. వియ్యంకుడు వాట్సాప్‌లో, గోదావరిలో కలిసే ప్రాణహిత ఫొటో పెడితే ఇవతల మోటారు, పైపులు గట్టెక్కుతాయి. రెండు రాష్ట్రాల మధ్య ఒడ్డు దాకా చేరే డేటా ఒప్పందం ఇదొక్కటే. దీనికి జీవో నంబరు లేదు.

లెక్కలు లేవా అంటే, ఉన్నాయి. ప్రాణహిత మీద టేక్రాలో, ఇంద్రావతి మీద పాతగూడెంలో, గోదావరి మీద పేరూరులో కేంద్ర జలసంఘం నీటిమట్టం కొలుస్తుంది. 2023లో ఫోన్‌లో చూసుకునే యాప్ కూడా తెచ్చారు. సంతోషం. అయితే అందులో కనిపించేది సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అనే అంకె. గోదావరి ఒడ్డున ఉన్న పలిమెల రైతుకు సముద్రంతో ఏం పని? తన గడప ఆ అంకెకు పైనుందా, కిందనుందా అన్నదే ఆయనకు కావాలి. భద్రాచలంలో 43, 48, 53 అడుగులంటే బడిపిల్లలు కూడా ఏ వీధి మునుగుతుందో చెబుతారు. ఎందుకంటే అక్కడ అంకెకూ ఊరికీ ఏళ్లుగా ముడిపడింది. కాళేశ్వరం నుంచి మంగపేట దాకా ఊరూరికీ ఆ ముడి వేసిన నాథుడు లేడు. టేక్రాలో ఇంత మట్టం ఉంటే ఎన్ని గంటలకు, ఏ వాగు ఎదురుతన్ని, ఎవరి చేలోకి వస్తుందో చూపే మ్యాపు కావాలి. అది గీయాలంటే రెండు ఒడ్డుల ఎత్తులూ ఒకే కాగితం మీదికి రావాలి. మన నక్షా నది మధ్యలో ఆగిపోతుంది, వాళ్లదీ అక్కడే ఆగిపోతుంది. వరదకు ఆ సంగతి తెలియదు.

ఆ మ్యాపుకు కావలసిన సరుకులో సగం ఊళ్లలోనే ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు, ఎగువ ఊళ్లలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద బురద చార చెప్పింది. సున్నం వేస్తే ఆ చార పోతుంది. పోకముందే ఎవరైనా టేపు పట్టి కొలిచారా? 1986 వరద ఏ చెట్టు మొదట్లో ఆగిందో చూపించే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను ఎవరైనా అడిగారా? వేల కోట్లు పోసి కట్టిన కాళేశ్వరం ప్రాజెక్టులోని కన్నెపల్లి పంపుహౌస్ ఆ 2022 జులైలోనే మునిగింది. కట్టేముందు ఆ ముసలివాళ్లతో ఒక పూట కూర్చుని ఉంటే చాయ్ ఖర్చుతో పోయేది.

అడగరని కాదు, అవసరమైతే అడుగుతారు. అడవిలో పోడు భూముల సర్వేలో ఫోన్లు పట్టుకొని అడవి హద్దుల వెంట సిబ్బందితో పాటు తిరిగింది ఊరివాళ్లే. పులి అడుగు పడితే ముందు చెప్పేది పశువుల కాపరే. చెప్పిందంతా సర్వర్లోకి పోతుంది. పైకి పోయింది మళ్లీ కిందికి రాదు. ఊరంతా కలిపి గీసిన అడవి నక్షా ఏ పంచాయతీ ఆఫీసు గోడకైనా వేలాడుతోందా? గోదావరి అవతల అదే గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే చిన్న ఊరు 2009లోనే తన అడవి మీద సామూహిక హక్కు పొందింది. తన అడవిలో వెదురు లెక్క తనే చూసుకుంటోంది. చట్టం ఇద్దరికీ ఒకటే, 2006 నాటి అటవీ హక్కుల చట్టం.

మ్యాపులు ఊరికి ఇమ్మంటే భద్రత అంటారు, వేటగాళ్ల చేతిలో పడుతుందంటారు. పులి ఎక్కడ పడుకుందో గోడకు అంటించమని మేమూ అడగడం లేదు. కానీ వరద మ్యాపుకు భద్రత సాకు చెల్లదు. మ్యాపుల తయారీకి, వాడకానికి దేశంలోని వాళ్లకు ముందస్తు అనుమతులు అక్కర్లేదని 2021 ఫిబ్రవరిలో కేంద్రమే చెప్పింది. 2022లో జాతీయ విధానమూ తెచ్చింది. ఢిల్లీ తీసిన గొళ్లెం మన ఆఫీసుల్లో ఇంకా ఎందుకు పెట్టి ఉంది?

మాకు మండేది ఈ రెండు నాల్కల ధోరణి చూసే. 2017లో బ్రహ్మపుత్ర వరద లెక్కలు చైనా ఇవ్వలేదని దేశమంతా తిట్టాం. దిగువ వాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే అది, తిట్టాల్సిందే. మరి పేరూరు దిగువన ఉన్నవాళ్లవి ప్రాణాలు కావా? 2023 అక్టోబర్ 21న గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ కుంగింది. పరిశీలించడానికి వచ్చిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ, అడిగిన సమాచారమంతా తమకు ఇవ్వలేదని తన నివేదికలోనే రాసుకుంది. ప్రభుత్వ సంస్థకే ఇవ్వని వాళ్లు పలిమెల రైతుకు ఇస్తారా? 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ మేడిగడ్డలో నీళ్లు నిలిపే ఎత్తు సముద్రమట్టానికి 100 మీటర్లని సంతకాలు చేశాయి. ఆ 100 మీటర్ల నీరు ఎవరి చేను దాకా వస్తుందో సిరోంచ రైతుకు మ్యాపు విప్పి చూపించినవాళ్లెవరు? పంటలు మునిగాక వాళ్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. భూమి ఊరిది, లెక్క ఊరిది, మ్యాపు మాత్రం ఆఫీసుది!

రాష్ట్రాల సరిహద్దు దాకా ఎందుకు? 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేస్తే ఊరు ఊరంతా డాబాలెక్కి కేకలు పెట్టింది. హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందని లెక్క ఉంది. లెక్క పట్టినంత శ్రద్ధగా కబురు పట్టలేకపోయాం. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మీద, చెరువు నీళ్లు చూసుకునే నీరటికాడు చేసింది ఈ కబురు పనే. పై చెరువు మత్తడి దుంకుతోందంటే కింది ఊరికి మనిషిని తరిమేవాడు. అతని చేతిలో యాప్ లేదు, కింది ఊరు తనది కాదన్న ఆలోచనా లేదు.

కాబట్టి మహారాష్ట్రతోనో ఛత్తీస్‌గఢ్‌తోనో రేపు కుదుర్చుకునే ఏ డేటా ఒప్పందంలోనైనా ఒడ్డు మీది గ్రామసభలను కూడా సంతకం పెట్టే పక్షాలుగా రాయాలి. వాళ్లిచ్చింది వాళ్లకు తెలుగులో, మరాఠీలో, గోండిలో తిరిగి రావాలి. అంకెలుగా కాదు, కరెంటు స్తంభం మీద రంగు గీతగా రావాలి. రెండు ఒడ్డుల మీదా ఒకే ఎత్తున ఆ గీత కనబడాలి. ఈ ఒక్కసారికి ఊళ్లను పక్కన పెట్టి కానిచ్చేస్తే తర్వాత ఇంద్రావతికీ, పెన్‌గంగకూ అదే నమూనా అవుతుంది. పెద్దసార్లకు అంత తీరిక లేదంటే కనీసం ఒక పని చేయండి: టేక్రాలో కొలిచే మట్టానికి పలిమెలలో ఏ గడప మునుగుతుందో ముందు మీరు తెలుసుకోండి. అది తెలియకుండా ఈసారి వరద సమీక్షకు మా ఫొటోగ్రాఫర్‌ను పిలవొద్దు.