యువత నడిపే కార్యక్రమం, మా అధ్యక్షతన

యువత మానసిక ఆరోగ్యం కోసం యువతే నడుపుకునే కార్యక్రమానికి నేను అధ్యక్షుణ్ని. నా వయసు 61. ఈ రెండు వాక్యాలకూ పొంతన కుదరలేదనుకునేవాళ్ళకు లోకజ్ఞానం తక్కువ.

మొదట్లో వాళ్ళంతట వాళ్ళే ఏదో చేసుకునేవారు. శనివారం సాయంత్రం పదిహేనుమంది దాకా పోగయ్యేవారు. కాసేపు బంతాట, కాసేపు బొమ్మలు గీయడం, ఆ తరవాత గుండ్రంగా కూర్చుని మాటలు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు వినడం. అంతే! మధ్యలో లేచి ‘మా రోజుల్లో అయితేనా’ అనే మనిషే లేడు. ఇంత ఘోరం జరుగుతుంటే చూస్తూ కూర్చోలేక మేం రంగంలోకి దిగాం.

వెంటనే పదకొండుమందితో సలహా సంఘం వేశాం. యువతకు చోటివ్వలేదన్న మాట రాకూడదు కాబట్టి పన్నెండోదిగా ఒక అమ్మాయిని చేర్చుకున్నాం. మినిట్స్ రాసే బాధ్యత ఆమెది.

ఆ అమ్మాయే ఒకరోజు రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు గీసిన నిచ్చెన బొమ్మ పట్టుకొచ్చింది. ఏ పనిలోనైనా పిల్లల పాత్ర నిజంగా ఎంతో తేల్చడానికి ఆయన 1992లో యూనిసెఫ్ కోసం ఎనిమిది మెట్లతో గీశాడట. పిల్లల్ని తమ అవసరానికి వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు ఒకళ్ళని కూర్చోబెట్టడం, ఇవి కింది మూడు మెట్లు. ఈ మూడూ భాగస్వామ్యం కిందికే రావని ఆయన వాదన. మేం అప్పటికే మూడో మెట్టు మీద ఉన్నామని తెలిసి సభ్యులు చప్పట్లు కొట్టారు. చిట్టచివరి మెట్టు మీద పనిని పిల్లలే మొదలుపెట్టి, నిర్ణయాలు పెద్దలతో కలిసి తీసుకుంటారట. అందులో ‘పెద్దలతో’ అన్న మాట ఉంచుకుని మిగతాది కొట్టేశాం. ఈ మోకాళ్ళతో ఎనిమిదో మెట్టెక్కడం ఎవరి తరం?

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను కూడా మేం గౌరవిస్తాం. 1989 నాటిది, 12వ అధికరణం. పిల్లల అభిప్రాయాలకు వయసునూ పరిణతినీ బట్టి విలువ ఇవ్వాలంటుంది. వయసు సర్టిఫికెట్‌లో ఉంటుంది. పరిణతి అంటారా, మాతో ఏకీభవించినవాళ్ళందరికీ ఉన్నట్టే లెక్క.

తరవాత కొలతల పని పట్టాం. ‘ఈ వారం మీ ఆనందం పదికి ఎంత?’ అని ఒక ఫారం. పేరు, ఇంటి ఫోన్ నంబరు తప్పనిసరి. అయిదుకు తక్కువ వేసినవాళ్ళ ఇళ్ళకు ఆ రాత్రే ఫోన్లు చేశాం. మరుసటి వారం అందరూ తొమ్మిదే వేశారు. ఏడు రోజుల్లో ఇంత ఆరోగ్యం ఏ వైద్యశాస్త్రం ఇచ్చింది చెప్పండి!

10 నుంచి 19 ఏళ్ళ వయసులో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ అంకె సమావేశంలో చదవగానే, మన పిల్లలు మిగతా ఆరుగురిలోనే ఉన్నారని ఏకగ్రీవంగా తీర్మానించాం.

పిల్లలు మమ్మల్ని అడిగిందల్లా ఒక్కటే. “వినడం మాకు వచ్చండీ. కానీ ఎవరైనా బతకాలని లేదంటే అది మా చేతుల్లో పని కాదు. అప్పటికప్పుడు ఫోన్ చేయడానికి శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఒకరు కావాలి. విని విని మా మనసే బరువెక్కితే చెప్పుకోవడానికీ ఒక మనిషి కావాలి.” గంటన్నర చర్చించాం. కౌన్సెలర్‌ను పెడితే ఆవిష్కరణ సభ ఉండదు, ఫొటోలో కనబడేదీ ఏమీ ఉండదు. కాబట్టి ఆ డబ్బుతో ఇరవై అడుగుల బ్యానర్ మంజూరైంది. అసలు చావు మాట ఎత్తితేనే లేని ఆలోచన పుడుతుందని ఒక పెద్దాయన హెచ్చరించారు. అడిగినందువల్ల పుట్టదనీ, అడిగితే మనసు విప్పుకునే దారి దొరుకుతుందనీ మినిట్స్ రాసే అమ్మాయి అంది. రాసేవాళ్ళు మాట్లాడకూడదన్న నిబంధన ఆమెకు గుర్తుచేయాల్సి వచ్చింది.

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. 1992 నుంచీ జరుపుతున్నారు. మేమూ ఘనంగా జరిపాం. అంశం: ‘వినడం ఒక కళ’. వక్తలు నలుగురు, అందరూ మా సంఘంవాళ్ళే. మూడు గంటలు మాట్లాడాం. మధ్యలో ఒక కుర్రాడు చెయ్యెత్తితే, ప్రశ్నలు చివర్లో అన్నాం. చివర్లో వందన సమర్పణ ఉంది. మిగతా 364 రోజులూ ఏం చేయాలన్న అంశాన్ని తదుపరి సమావేశానికి వాయిదా వేశాం.

ఈమధ్య శనివారాలు హాల్లో కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. కృతజ్ఞత లేని తరం అనుకుని బయటికి వెళ్ళి చూస్తే, భవనం వెనక మెట్ల మీద అందరూ ఉన్నారు. బ్యానర్ లేదు, ఫారం లేదు, మైకు లేదు. ఒకమ్మాయి ఏదో చెబుతోంది, తక్కినవాళ్ళు వింటున్నారు. నన్ను చూసి ఒక కుర్రాడు పక్కకు జరిగి చోటిచ్చాడు. “కూర్చోండి. అలసిపోయినట్టున్నారు, రాత్రిళ్ళు నిద్ర పడుతోందాండీ?” అన్నాడు.

ఆ ప్రశ్న అజెండాలో లేదని చెప్పి వచ్చేశాను.

వచ్చే శనివారం ఆ మెట్లకు ప్రారంభోత్సవం పెట్టాం. రిబ్బన్ నేనే కత్తిరిస్తాను.