కాయ లేచింది నిజమే

నాకు పదకొండేళ్లప్పుడు మా చేనులో ఒక కొబ్బరికాయ నా అరచేతిలో దానంతట అది లేచి నిలబడింది. అమెరికా వచ్చాక ఈ మాట ఒకరిద్దరికి చెప్పి, వాళ్లు చూసిన చూపుకి మళ్లీ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈ పత్రికలో చెప్పడానికి కారణం ఉంది. మన సంఘం వాళ్లం సొంతూళ్లలో బోర్లు వేయించడానికి డబ్బు పంపుతున్నాం. ఆ బోరు ఏ చోట దించాలో ఇప్పటికీ చాలా ఊళ్లలో కాయే చెబుతోంది.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అనంతపురం జిల్లా సగటు వాన ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గరే. పడమటి కనుమలు దాటి మా దాకా వచ్చేసరికి మేఘంలో పెద్దగా మిగలదు. పైన ఎర్రమట్టి, దాని కింద గట్టి రాయి. ఆ రాతిలో పగులు దొరికితే నీళ్లు, దొరక్కపోతే దుమ్ము. నాలుగడుగులు పక్కన వేసినా పగులు తప్పిపోవచ్చు.

ఆ ఏడాది వేరుశనగ నిలువునా ఎండిపోయింది. నాయన బోరు వేయించాలనుకున్నాడు. పాయింట్ చూడటానికి పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పీచు తీసి జుట్టు మాత్రం ఉంచిన కాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, చెప్పులు విడిచి, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచాడు. చింతచెట్టు దాటి కొంచెం ముందుకు పోగానే కాయ మెల్లగా లేచి నిలబడింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన దాన్ని నా చేతిలో పెట్టి, "బయపడాకు నాయనా, దాని పని అది చేస్తాది" అన్నాడు. అదే దారిన నడిచాను. అదే చోట అది లేచింది. కింద నుంచి ఎవరో వేలితో తోస్తున్నట్టు ఉంది. నేను లేపలేదు. ఏ గుడిలో ప్రమాణం చేయమన్నా చేస్తాను.

అక్కడ 320 అడుగులు దించారు. తమిళనాడు నుంచి వచ్చిన రిగ్గు బండి, అడుగుకు ఇంత అని లెక్క, నీళ్లు పడినా పడకపోయినా. రాత్రంతా తెల్లటి రాతిదుమ్ము లేచి ఇంటి పైకప్పు మీద పడింది. అమ్మ గాజులు తాకట్టుకు పోయాయి. రెండో బోరూ అంతే. మూడోది వంక పక్కన వేస్తే ఇంచిన్నర నీళ్లు పడ్డాయి. మూడు పాయింట్లూ ఆ పెద్దాయన పెట్టినవే. ఊళ్లో ఆయన మాట వస్తే ఇప్పటికీ అందరూ చెప్పేది మూడోదాని గురించే. మొదటి రెండు గుంతల మీద నాయన బండరాళ్లు పెట్టాడు. వాటి ప్రస్తావన ఎవరూ తేరు.

కాయ లేచింది, నీళ్లు లేవు. ఈ రెండూ ఏళ్ల తరబడి నా తలలో పక్కపక్కనే ఉండిపోయాయి. మొదటిది అబద్ధం అనేస్తే చిక్కే లేదు. కానీ అది అబద్ధం కాదు కదా.

నాకు దారి చూపించింది కరెంటు మీద పరిశోధనలు చేసిన ఇంగ్లీషు శాస్త్రవేత్త ఫారడే. 1853 నాటికి లండన్ ఇళ్లలో బల్లలు తిప్పడం పెద్ద మోజు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్ల కదిలేది. ఆత్మలని కొందరు, కరెంటని కొందరు అన్నారు. కరెంటు సంగతి తేల్చాల్సినవాడు మైఖేల్ ఫారడేనే. మోసం చేయరని తాను నమ్మిన మనుషులనే కూర్చోబెట్టాడు. వాళ్ల చేతులకూ బల్లకూ మధ్య అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి నడుమ మెత్తటి జిగురు పెట్టాడు. బల్లే చేతులను లాగుతుంటే కింది అట్ట ముందు జరగాలి. జరిగింది పైదే. చేతులే బల్లను తోస్తున్నాయి, తోస్తున్న సంగతి ఆ మనుషులకు తెలియదు. చేయి తోస్తే చూపించేలా ఒక పుల్ల అమర్చి దాన్ని వాళ్ల కళ్లముందే ఉంచాడు. అంతే, బల్ల కదలడం మానేసింది. ఇలా మనకు తెలియకుండానే మనసులోని ఊహకు ఒళ్లు కదలడానికి విలియం కార్పెంటర్ అనే వైద్యుడు అంతకు ఏడాది ముందే, 1852లో, ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు.

ఇది చదివాక నాకు మా చేను గుర్తొచ్చింది. పెద్దాయన కాయ ఎక్కడ లేచిందో నేను అప్పటికే చూశాను. నాకు ఆ చోటు తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ల కళ్లన్నీ ఆ చోటు మీదే ఉన్నాయి. గుండ్రటి కాయ, వేళ్లు గింజంత వంగినా తూకం మారిపోతుంది. ఈ చిన్న సంగతి తట్టడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

జర్మనీలో ఇలా నీళ్ల జాడ చెప్పేవాళ్లను పెద్ద ఎత్తున పరీక్షించారు. 1987, 88లలో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టాంలో కింది అంతస్తులో నీళ్ల పైపును ఒక్కోసారి ఒక్కో చోటికి జరిపేవారు. పై అంతస్తులో నడుస్తూ పైపు ఎక్కడుందో చెప్పాలి. దాదాపు 500 మందిలోంచి బాగా చెబుతున్నారనిపించిన 43 మందిని ఎంచి 843 సార్లు పరీక్ష పెట్టారు. కొందరికి ఆ శక్తి ఉందనే పరిశోధకులు ప్రకటించారు. 1999లో జేమ్స్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే లెక్కలు మళ్లీ తీసి చూస్తే, కళ్లు మూసుకుని చెప్పినదానికీ దీనికీ తేడా కనిపించలేదు. ఒకసారి బాగా చెప్పినవాళ్లు ఇంకోసారి చెప్పలేకపోయారు.

అయితే మా పెద్దాయన సంగతి ఇక్కడితో అయిపోయిందని నేను అనుకోను. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమిలో నీటి జాడల కోసం ఒక అధ్యాయమే రాశాడు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఏ దిక్కున, ఎంత లోతులో నీళ్లుంటాయో అందులో చెప్పాడు. ఆ కొలతలన్నీ నిజమని నేను అనడం లేదు. చెట్టునూ పుట్టనూ నేల వాలునూ చూసి నీటిని ఊహించడం మన దగ్గర అంత పాత విద్య అంటున్నాను. నలభై ఏళ్లు చేలమ్మట నడిచిన మనిషి కంటికి, తాను చూశానని తెలియకుండానే, ఎన్నో కనిపిస్తాయి. వంక పక్కన పాయింట్ పెట్టినప్పుడు ఆయన చేయి చెప్పింది ఆయన కంటికి తెలిసిన మాటేనేమో. కొట్టాం పై అంతస్తులో చెట్టు లేదు, పుట్ట లేదు, వాలు లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. కర్నూలు జిల్లా కోడుమూరులో కొండ మీద కొండలరాయుడి గుడి ఉంది. శ్రావణంలో మూడో సోమవారం నాడు భక్తులు రాళ్ల కింద వెతికి తేళ్లను వట్టి చేతులతో పట్టుకుని స్వామికి సమర్పిస్తారు. తేలు కుట్టినా గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తే నొప్పి పోతుందని నమ్మకం. మా మేనత్త ఊరు అటువైపే, ఒకసారి నన్నూ తీసుకుపోయింది. ఒక కుర్రాడిని నా ముందే తేలు కుట్టింది. పళ్లు బిగబట్టి ప్రదక్షిణ మొదలుపెట్టాడు. మూడోది అయ్యేసరికి వాడి ముఖం తేటపడింది. వాడు నటించలేదు. నటిస్తే ఎవరికోసం?

1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ లెవిన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ల మీద ఒక పరిశోధన చేశారు. మందు లేని ఉత్త సూది వేసినా, మందనుకుని కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత నాలోక్సోన్ ఇచ్చారు. అది మార్ఫిన్ లాంటి మందుల పనిని ఆపేసే మందు. తగ్గిన నొప్పి తిరిగి వచ్చింది. అంటే నమ్మకంతో వాళ్ల ఒంట్లోనే మార్ఫిన్ లాంటిది పుట్టి నిజంగా పనిచేసిందన్నమాట. కోడుమూరు కుర్రాడికి జరిగింది కూడా ఇలాంటిదే అయ్యుంటుందని నా నమ్మకం.

కానీ తేలుకు నొప్పి ఒకటే కాదు, విషమూ ఉంది. ఎర్రతేలు విషం గుండెను పట్టుకుంటుంది, పసిపిల్లల ప్రాణం తీస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే బీపీ మందు వాడటం మొదలుపెట్టాకే ఈ చావులు బాగా తగ్గాయి. నొప్పి మనసు మాట వింటుంది గానీ విషం వినదు. మా జేజికి తేలు మంత్రం వచ్చు. ఊళ్లో పిల్లలను ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. పిల్లోడికి చెమటలు ధారగా పడుతున్నాయంటే మాత్రం ఆమె మంత్రం వేస్తూనే బండి కట్టమనేది. ఆమె చదువుకోలేదు. నేను ఇన్ని పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న తేడా ఆమెకు ముందే తెలుసు.

మన వాట్సాప్ గ్రూపుల్లో నాకు కనిపించనిది ఈ తేడానే. 2020లో, కరోనా గురించి బ్రహ్మంగారు ముందే చెప్పారంటూ, కాలజ్ఞానంలోదంటూ కోరంకి జబ్బు పద్యం రోజుకు పదిసార్లు వచ్చేది. కడప జిల్లా బ్రహ్మంగారి మఠానికి నేనూ వెళ్లాను, దండం పెట్టుకున్నాను. దూదేకుల సిద్ధయ్యను ప్రియశిష్యుడిగా చేసుకున్న మహానుభావుడిని తలుచుకోవడానికి ఆ పద్యం అక్కర్లేదు. జరిగిన తర్వాత వెతికితే జరిగినదానికి సరిపడే మాట ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, సరిపడని మాటల మీద బండరాయి పెట్టేస్తాం. ఇంకోవైపు ఇక్కడ పుట్టిన పిల్లలు తాతల మాటలు విని పకపకా నవ్వుతున్నారు. ఆ నవ్వు చూస్తే నాకు బాధే. కోడుమూరు కుర్రాడి ముఖం వాళ్లు చూడలేదు.

నాకు ఇప్పటికీ అంతుపట్టనిది ఒకటుంది. 2010లో హార్వర్డ్‌లో టెడ్ కాప్చుక్ బృందం పేగుల జబ్బుతో బాధపడేవాళ్లకు మాత్రలు ఇస్తూ, ఇందులో మందేమీ లేదని ముందే చెప్పేసింది. ఏ మాత్రా తీసుకోనివాళ్లకంటే వాళ్లకు ఎక్కువ ఉపశమనం కలిగింది. మందు లేదని తెలుసు, అయినా గుణం కనిపించింది. మరి అక్కడ పనిచేసింది ఏమిటి? ఇచ్చిన మనిషి మాటా, రోజూ వేళకు మింగే అలవాటా, మనకు ఇంకా పేరు కూడా తెలియనిదా? రాత్రిళ్లు పడుకునే ముందు దీని గురించి ఆలోచిస్తుంటాను. మనసు గురించి అంతా తెలిసిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

బోర్ల దగ్గరికి వస్తాను. మనం పంపే డబ్బుతో ముందు సర్వే చేయించాలి. నేలలో నాలుగు కడ్డీలు దించి, కరెంటు పంపి, కింద రాయి ఎక్కడ పగిలి ఉందో అంచనా వేస్తారు. అదీ తప్పుతుంది. అందుకే ప్రతి ఊళ్లో ఒక నోట్‌బుక్ పెట్టాలని అడుగుతున్నాను. పాయింట్ ఎవరు పెట్టారు, కాయా, సర్వేనా, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచులు, అన్నీ రాయాలి. దుమ్ము లేచిన బోర్లను ముందు రాయాలి. పదేళ్లు రాస్తే, ఊరికి ఊరే తన అనుభవాన్ని తాను చదువుకోవచ్చు.

నిరుడు మా మూడో బోరు కూడా ఎండిపోయింది. తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పెద్దాయన కొడుకు ఇప్పుడు కాయ పడుతున్నాడు, పిలవమంటావా?" అన్నాడు. పిలువు, దానికంటే ముందు సర్వే చేయించు, ఒకరి పాయింట్ ఇంకొకరికి తెలియనివ్వకు అన్నాను. నాయన ఒక్క షరతు పెట్టాడు. కాయ పట్టే మనిషి నడుస్తుంటే వెనకాల ఎవరూ నవ్వకూడదు. ఎవరూ నవ్వలేదట. రెండు పాయింట్లకూ మధ్య అరవై అడుగులు వచ్చింది. నాయన రెండు చోట్లా రాళ్లు పాతి సున్నం పూశాడు. శనక్కాయ పీకాక రిగ్గు వస్తుంది. సర్వే రాయి దగ్గరే దించమని చెప్పాను. సరేలే అన్నాడు. రెండో రాయి మాత్రం తీయలేదు.