పసుపు కొమ్ముకి అంత్యక్రియలు

నిన్న సాయంత్రం జరిగింది మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎలాగూ తిరుగుతోంది. కాబట్టి నా వైపు వాదన కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను.

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటులో సముద్రం పెట్టుకోవాలని నాకెందుకు బుద్ధి పుట్టిందో అడక్కండి. బాపట్ల సూర్యలంక బీచికి వెళ్లాలంటే 300 కిలోమీటర్ల పైమాటే. అందుకని ఆర్వో నీళ్లలో ప్రత్యేకమైన ఉప్పు కలిపి, సాంద్రత 1.025 దగ్గర నిలబెట్టి, వేడి 26 డిగ్రీలు దాటకుండా చిల్లర్ తగిలించి, ఆర్నెల్లుగా ఒక గాజు ట్యాంకులో రెండు క్లౌన్ ఫిష్‌లని మేపుతున్నాను. మా బెడ్రూములో ఇప్పటికీ ఫ్యానే. ఈ మాట మా ఆవిడ రోజుకి ఒకసారి గుర్తు చేస్తుంది, నేను ఇక్కడ ఒక్కసారే రాస్తున్నాను.

మొన్న ఆరు చారల సిక్స్‌లైన్ రాస్ అనే సముద్రపు చేప కొందామని వెళ్తే షాపువాడు ఆపాడు. "వద్దన్నా, అది పెద్ద రౌడీ. అన్నిట్ని తరుముతది. ఇది తీస్కో, యెల్లో కోరిస్ రాస్. మస్తు శాంతం." పచ్చటి నిమ్మపండు రంగు, వేలెడు పొడుగు, వీపు రెక్క మీద నల్ల చుక్కలు. 2,800 రూపాయలు. ఇండోనేషియా మాల్ అన్నాడు. పురుగుల్ని ఏరుకు తింటుందన్నాడు. పెద్దయ్యాక ఆడది మగదిగా మారినా మారొచ్చన్నాడు. చెప్పాల్సినవన్నీ చెప్పాడు, ఒక్కటి తప్ప.

నిన్న మధ్యాహ్నం ట్యాంకులో వదిలాను. మూడున్నరకి చూస్తే చేప లేదు.

రాస్‌లు ఎగిరి బయటికి దూకుతాయని నేను చదివే ఉన్నాను. నా ట్యాంకుకి మూత లేదు. ఇక వేరే ఆలోచన ఎందుకొస్తుంది? టార్చి పట్టుకుని నేలమీద బోర్లా పడుకుని వెతకడం మొదలెట్టాను. ఏడు గంటలకల్లా వాచ్‌మన్, పక్క ఫ్లాటు ఆంటీ, కింద ఫ్లాటు అంకుల్ చేరారు. అంకుల్‌కి ఉబ్బసం. ఏటా మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి వెళ్లి, బతికున్న కొర్రమీను పిల్లని మందుతో సహా మింగి వస్తారు. చేపల విషయంలో మా బ్లాకుకి ఆయనే పెద్ద దిక్కు. "మింగితే గొంతులో జారేది కొర్రమీనేనయ్యా, నీ చేపకి ఆ జారుడు లేదు, ఎంతో దూరం పోయుండదు" అని ధైర్యం చెప్పారు. ఇందులో తర్కం ఎక్కడుందో నేనింకా వెతుకుతున్నాను.

చివరికి ఫ్రిజ్ కింద దొరికింది. చీపురుతో లాగితే దుమ్ములో దొర్లుకుంటూ వచ్చింది. పచ్చగా, వేలెడంత, ముడతలు పడి, గట్టిగా. నాలుగు గంటల్లో ఇంతగా ఎండిపోతుందా అని ఆంటీ అడిగారు. ఉప్పునీటి చేప కదండీ, ఒంట్లో ఉప్పు ఎక్కువ, ఉప్పుచేపలాగా త్వరగా ఎండుతుంది అని చెప్పాను. బీటెక్ చదివినవాణ్ని. అందరూ తలూపారు. వాసన రావట్లేదేమిటని వాచ్‌మన్ గొణిగితే, ఫారిన్ చేపలకి రాదని అంకుల్ అన్నారు.

మా పాప ఏడుపు మొదలెట్టింది. దాన్ని ఊరుకోబెట్టడానికి స్టీలు పళ్లెంలో టిష్యూ పరిచి, మందారం పువ్వు పెట్టి, 'చేప'ని పడుకోబెట్టాను. తులసి కోట దగ్గరికి వెళ్లొద్దని మా ఆవిడ గట్టిగా చెప్పడంతో కరివేపాకు కుండీ ఖాయమైంది. పూడ్చేముందు ఫొటో తీసి షాపువాడికి పంపాను: "ఒక్క పూట కూడా బతకలేదు. డబ్బు వాపసు ఇవ్వాలి." ఆ తర్వాత బాల్కనీలో ఆరుగురం నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం. అంకుల్ చెప్పులు కూడా విప్పారు.

మౌనం మధ్యలో షాపువాడి వాయిస్ మెసేజ్ వచ్చింది. నేను నొక్కాను. నొక్కకుండా ఉండాల్సింది. మొదట అరనిమిషం నవ్వే. తర్వాత, "అన్నా, ఇది పసుపు కొమ్మన్నా! చేప ఇసుకల పండుకుంది. రేపు లేస్తది."

సీరియల్ చూస్తున్న మా అత్తగారు అప్పుడొచ్చారు. ఆవిడది భీమవరం. ఫోనులో ఫొటో ఒక్క క్షణం చూశారు. "మొన్న వరలక్ష్మీ వ్రతంలో కనబడకుండా పోయిన కొమ్మండీ అది. అయినా అల్లుడుగారూ, చేపకి కళ్లుంటాయి కదండీ?" అన్నారు, చాలా మర్యాదగా.

ఈ జాతి రాస్ చీకటి పడితే ఇసుకలో దూరి పడుకుంటుందట. బెదిరినా అంతే, తల ముందు పెట్టి ఇసుకలోకి దూకేస్తుంది. పైగా కొత్త చోట కొన్నాళ్లు పాత ఊరి గడియారమే పాటిస్తుందట. ఇండోనేషియా తూర్పు దీవులు మనకంటే మూడున్నర గంటలు ముందు. మనకి మూడైతే అక్కడ ఆరున్నర, పడకవేళ. హైటెక్ సిటీలో కూర్చుని అమెరికా టైముకి నిద్రలేచే మా తమ్ముడు నాకు అర్థమవుతాడు, చేప ఎందుకు అర్థం కాలేదంటే, ఎవడూ చెప్పలేదు కాబట్టి. షాపువాడి ట్యాంకుల అడుగున ఒట్టి గాజే, పిడికెడు ఇసుక లేదు. అక్కడ అది ఎక్కడ పడుకుంటుందో నాకెలా తెలుస్తుంది? చిల్లర్ అమ్మేటప్పుడు గంట ఉపన్యాసం ఇచ్చినవాడికి, "ఇసుకల పండుకుంటది" అనే రెండు ముక్కలు బరువయ్యాయా?

ఈ ఉదయం ఇసుక కదిలింది. ముందు మూతి, తర్వాత కళ్లు. అవును, కళ్లున్నాయి. ట్యాంకంతా ఒక చుట్టు తిరిగి, ఏమీ జరగనట్టు మేత తినేసింది.

పాప మాత్రం కరివేపాకు కుండీకి నీళ్లు పోస్తోంది, అది కూడా లేస్తుందేమోనని. ఉడకబెట్టి ఎండేసిన కొమ్ము మొలవదమ్మా అని అత్తగారు చెప్పినా వినట్లేదు.

ఇప్పుడే షాపువాడు మళ్లీ మెసేజ్ పెట్టాడు: "అన్నా, ట్యాంకు మీదికి నెట్ మూత ఉంది, 1,500. పసుపు కొమ్ములు బయటికి దూకకుంట ఉంటయి." బ్లాక్ చేసేద్దామనుకున్నాను. కానీ క్లౌన్ ఫిష్ మేత డబ్బా అడుగంటింది, అది దొరికేది వాడి దగ్గరే.