ఆరు వారాల్లో మోకాలు బాగవుతుందా? ఒక సందేశానికి జవాబు

శస్త్రచికిత్స అయిన ఏడో వారంలో ఒకరోజు, చేతికర్ర పట్టుకుని వంటింటి దాకా వెళ్లి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. అప్పుడే మా పెదనాన్న నుంచి ఒక సందేశం వచ్చింది. అంతకుముందే మరో ఇద్దరు పంపినదే అది. అందులో ఉన్నది ఇంతే: "మోకాలి మార్పిడి ముసలివాళ్లకే కష్టం. ముప్పైల్లో ఉన్నవాళ్లు ఆరు వారాల్లో మామూలుగా తిరుగుతారు. నొప్పిని లెక్కచేయకుండా ఎంత గట్టిగా వంచితే అంత త్వరగా మోకాలు దారికొస్తుంది. లోపల పెట్టేది లోహం కాబట్టి జీవితాంతం దిగులు లేదు, పరుగెత్తవచ్చు కూడా. అప్పటికీ కుంటుతున్నారంటే అది బద్ధకమే."

పెదనాన్న నాకు ధైర్యం చెబుదామనే పంపారు. ఆయన మీద నాకు కోపం లేదు. రాసిన వారి మీద ఉంది.

మొదటి మాట, ముసలివాళ్లకే కష్టమన్నది. చిన్న వయసులో ఎవరూ ఊరికే మోకాలు మార్పించుకోరు. నాకు తొమ్మిదో ఏట కీళ్లవాతం మొదలైంది, 31వ ఏట కుడి మోకాలు మార్చారు. ఇతరులకు వేరే కారణాలుంటాయి: హిమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) వల్ల కీలులోకి పదేపదే రక్తం కారడం, ప్రమాదంలో కీలు నుజ్జవడం, రక్తం అందక ఎముక చివర చచ్చుబడడం, ఎముకలో కణితి. అంటే శస్త్రచికిత్స బల్ల ఎక్కేనాటికే ఆ కాలు చాలాకాలంగా సరిగ్గా వంగక, తొడ సన్నబడి, కొందరికి పాత ఆపరేషన్ల మచ్చలతో ఉంటుంది. అరవై ఏళ్లు చక్కగా నడిచి, ఆ తర్వాత కీలు అరిగిన పెద్దావిడ కాలితో దీన్ని పోల్చడమే తప్పు. వయసు చేసే మేలు లేకపోలేదు. నా గాయం ఇట్టే మానింది, రెండు వారాలకు కుట్లు తీసేశారు. అయితే మానింది చర్మం. కీలు బిగుసుకుపోవడం, దాన్ని మత్తుమందు ఇచ్చి వంచవలసి రావడం పెద్దవారికంటే చిన్న వయసువారిలోనే ఎక్కువగా కనిపిస్తాయి.

ఆరు వారాల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. చాలాచోట్ల అప్పుడే మళ్లీ రమ్మని పరీక్షిస్తారు. అప్పటికి ఎక్కువమంది వాకర్ వదిలేస్తారు, కూర్చుని చేసే ఉద్యోగమైతే కొందరు పనిలోనూ చేరతారు. అంతవరకు నిజమే. కానీ అప్పటికి తొడ ముందు కండరం ఎలా ఉంటుందో సందేశం రాసిన వారికి తెలియదు. శస్త్రచికిత్స అయిన నెలకు దాని బలం అంతకుముందున్న దానిలో సగం కంటే తక్కువకు పడిపోయినట్టు కొలిచి చూసినవారున్నారు. కీలులో వాపు ఉన్నంతకాలం అక్కడి నరాలు ఆ కండరాన్ని పూర్తిగా బిగుసుకోనివ్వవు. మొదటి వారంలో మంచం మీద కాలు చాపుకుని, తొడ బిగించమని ఫిజియోథెరపిస్ట్ చెబితే నేను కళ్లు మూసుకుని బలమంతా పెట్టాను. తొడ కదలలేదు. నా కాలికి నా మాట చేరలేదని ఆ రోజు అర్థమైంది.

మోకాలు వేడిగా ఉండడం, సాయంత్రానికి ఉబ్బడం నెలల తరబడి సాగుతాయి. కోత పక్కన, మోకాలి బయటివైపు కొంత మేర మొద్దుబారుతుంది, ఎందుకంటే ఆ చర్మానికి వెళ్లే చిన్న నరం కోతలో తెగుతుంది. నడుస్తుంటే టక్కుమనే చప్పుడు కూడా మామూలే, లోహం ప్లాస్టిక్‌ను తాకుతుంది కదా. (ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు ఏదో ఊడిపోయిందనుకుని అర్ధరాత్రి కూర్చుండిపోయాను.) బలం, ఓపిక ఏడాది వరకూ, కొందరికి ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటాయి.

ఇక గట్టిగా వంచమన్న మాట. అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది ఇదే. వంచాలి, నిజమే. రోజుకు ఎన్నోసార్లు వంచాలి, అది నొప్పిగానే ఉంటుంది, నొప్పి మాత్ర పనిచేసే వేళ చూసుకుని చేయాలి. చదునైన నేల మీద నడవడానికి సుమారు 70 డిగ్రీల వంపు చాలు, మెట్లకు 90 దాకా, కుర్చీలోంచి తేలిగ్గా లేవడానికి ఇంకాస్త కావాలి. అందుకే మొదటి వారాల్లో అందరూ 90 అంకె జపిస్తుంటారు. నేనూ జపించాను. కానీ పళ్లు బిగబట్టి ఒకేసారి పది డిగ్రీలు లాగేస్తే మర్నాటికి కీలు ఉబ్బుతుంది, ఉబ్బితే తొడ కండరం మళ్లీ మొండికేస్తుంది, వంపు నిన్నటికంటే తగ్గుతుంది. మూడో వారంలో సరిగ్గా ఇదే చేసి నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. వ్యాయామం చేస్తుండగా నొప్పి వచ్చి కాసేపటికి తగ్గితే ఫరవాలేదు. మరుసటి ఉదయానికి వాపు పెరిగితే మాత్రం మోతాదు మించినట్టే.

సందేశంలో అసలు లేని మాట ఇంకొకటుంది, కాలు చాపడం. మోకాలు పూర్తిగా తిన్నబడకపోతే నిలుచున్నంతసేపూ తొడ కండరం బరువు మోస్తూనే ఉండాలి, కుంటు పోదు. అందుకే మోకాలి కింద దిండు పెట్టుకోవద్దని, పెట్టుకుంటే మడమ కింద పెట్టుకొమ్మని చెబుతారు. మోకాలి కింద దిండు ఎంత హాయిగా ఉంటుందో అనుభవించిన వారికే తెలుసు. ఆ హాయి కోసం వారాల తరబడి పెట్టుకుంటే మోకాలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది.

జీవితాంతం దిగులు లేదన్నది పూర్తిగా తప్పు. "చిప్ప మార్చారు" అంటాం గానీ, మార్చేది ప్రధానంగా చిప్ప కాదు. తొడ ఎముక చివరను, కింది ఎముక పైభాగాన్ని కొద్దిగా కోసి లోహపు తొడుగులు అమరుస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. చిప్ప లోపలి వైపు కొందరికి ప్లాస్టిక్ అమరుస్తారు, కొందరికి అమర్చరు. కాలక్రమంలో ఆ ప్లాస్టిక్ అరగవచ్చు, లోహం ఎముకను వదలవచ్చు. లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2019లో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. మంచి అంకె. అయితే అందులో ఎక్కువమంది వృద్ధులు. అదే పత్రికలో 2017లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం వయసును బట్టి విడదీసి చూసింది. డెబ్బై దాటాక మార్పించుకున్న వారిలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం బతికినంతకాలంలో 5 శాతం దగ్గర ఉంటే, యాభైల మొదట్లో మార్పించుకున్న పురుషుల్లో 35 శాతం దాకా ఉంది. నాకు 31. కాబట్టి రెండో శస్త్రచికిత్స నా లెక్కలో ఉంది, అది మొదటిదానికంటే కష్టమైనదనీ తెలుసు. తెలిసే చేయించుకున్నాను, ఎందుకంటే అప్పటికి రాత్రుళ్లు నిద్ర లేకుండా రెండేళ్లు గడిచాయి.

పరుగు సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. నడక, ఈత, సైకిల్ సాధారణంగా సరేనంటారు. పరుగు, ఫుట్‌బాల్ వంటివి సాధారణంగా వద్దంటారు.

బద్ధకం అన్న మాట దగ్గర నా ఓపిక అయిపోతుంది. వ్యాయామాలన్నీ తూచా తప్పకుండా చేసినా, సుమారు ఐదుగురిలో ఒకరికి నెలలు గడిచినా చెప్పుకోదగ్గ నొప్పి మిగులుతోందని అధ్యయనాలు చెబుతున్నాయి. వారిని బద్ధకస్తులనడం వల్ల వారు లేచి నడవరు, నొప్పి చెప్పడం మానేస్తారంతే. ఆ మౌనం ఒక్కోసారి ప్రాణం మీదకు తెస్తుంది. ఒక పిక్క ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి పుట్టడం సిరలో రక్తం గడ్డకట్టడానికి గుర్తు కావచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తాయి. జ్వరం, గాయం నుంచి స్రావం, తగ్గినట్టే తగ్గి పెరిగే ఎరుపు లోపల చీము పడుతోందనడానికి సూచనలు కావచ్చు. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. ఛాతీనొప్పి, ఆయాసం అయితే క్షణం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. పెదనాన్నకు ఫోను చేసి, సందేశాన్ని ఎవరెవరికి పంపారో వారందరికీ ముందు ఈ చివరి హెచ్చరికలు పంపమని అడిగాను.