కారంటే ఆసక్తి లేకపోయినా పర్లేదు, అంబాసిడర్ నాటి సలహాలు మాత్రం వద్దు

ఎండాకాలం మొదలైతే చాలు, బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లోకి ఆ మెసేజ్ వచ్చేస్తుంది. "ఇండియన్ ఆయిల్ హెచ్చరిక! ఎండల్లో ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించకండి, పేలిపోతుంది, సగమే కొట్టించండి." దాని కింద వరసగా దండాలు, థాంక్యూలు. అలాంటి హెచ్చరిక మేం ఇవ్వలేదు మహాప్రభో అని ఆ కంపెనీ ఎన్నిసార్లో చెప్పుకుంది. కారు తయారీదారు చెప్పిన పరిమితి దాకా ఏ కాలంలోనైనా నింపుకోవచ్చు. మనం చేసే అసలు తప్పు వేరే ఉంది. నాజిల్ దానంతటది ఆగిపోయాక కూడా "ఇంకొంచెం కొట్టు, రౌండ్ ఫిగర్ చెయ్" అంటాం. ట్యాంకులోంచి వచ్చే పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. మరీ అంచుదాకా కుక్కితే ఆవిరికి బదులు పెట్రోలే దాంట్లోకి పోయి, ఆ డబ్బా పాడవుతుంది.

బంకు దగ్గరే ఇంకో రెండు అపోహలు. ఐదొందలకి కాకుండా ఐదొందల పదికి కొట్టిస్తే మోసం జరగదట. మీటరు కొలిచేది లీటర్లని, రూపాయలని కాదు. మోసం చేయదలచుకున్నవాడికి మీ పది రూపాయలు అడ్డం కాదు. అనుమానం ఉంటే ప్రతి బంకులోనూ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది, తీసి కొలిచి చూపించమని అడగండి. అడిగే హక్కు మనకుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందనేది రెండోది. పెట్రోల్ ఉండేది భూమి లోపలి ట్యాంకులో, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా ఏమీ ఉండదు.

కార్ల మీద ఆసక్తి లేకపోవడం నేరమేం కాదు. మా బావగారికి కారంటే ఏసీ ఉన్న ఆటో, అంతే. ఆయనతో నాకు ఏ పేచీ లేదు, ఎందుకంటే ఆయన ఎవరికీ సలహాలివ్వరు. నా బాధంతా ఆసక్తి లేకుండానే అభిప్రాయాలున్న వాళ్లతో. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో నిలబడి చూడండి. పదిహేను లక్షల కారు కొని, దాంతో ఇచ్చిన పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్ కూడా చించకుండా డ్యాష్‌బోర్డులో పడేసి, ఊళ్లో బాబాయ్‌కి ఫోన్ చేసి కారు ఎలా వాడాలో అడుగుతారు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బాబాయ్ అబద్ధం చెప్పడు. ఆయన నడిపిన అంబాసిడర్‌కీ, ప్రీమియర్ పద్మినికీ "ఇంజిన్ వేడెక్కాకే బండి తియ్" లాంటి ఆ మాటలన్నీ నిజమే. ఆ బళ్లకి గాలినీ పెట్రోల్‌నీ కలిపే కార్బ్యురేటర్ ఉండేది. చలిలో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, చోక్ లాగి, కాసేపు ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వకపోతే గేటు దాటకముందే ఆగిపోయేది. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగిశాక మారుతి 800తో సహా అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. ఇప్పుడు గాలి ఎంత, వేడి ఎంత అని సెన్సర్లు చూసుకుని, ఎంత పెట్రోల్ పంపాలో కంప్యూటర్ లెక్కకడుతుంది. అయినా మా బేస్‌మెంట్‌లో పొద్దున ఏడింటికి ఇంజిన్ ఆన్ చేసి, కారు తుడిచి, అద్దాలు తుడిచి, ఫోన్ మాట్లాడి అప్పుడు బయల్దేరేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఇది బెంగళూరు నాయనా, లేహ్ కాదు. అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోతే చాలు. నిలబెట్టిన కారులో ఇంజిన్ ఆలస్యంగా వేడెక్కుతుంది, నడిపితేనే త్వరగా వేడెక్కుతుంది.

ఇందులో పోయేది కాస్త పెట్రోలే. న్యూట్రల్ సంగతి అలా కాదు. తిరుమల నుంచి దిగేటప్పుడు, నంది హిల్స్ దిగేటప్పుడు, హార్స్‌లీ హిల్స్ దిగేటప్పుడు కొందరు గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేస్తారు, పెట్రోల్ ఆదా అవుతుందని. ఇంకొందరు మహానుభావులు ఇంజినే ఆపేస్తారు. కార్బ్యురేటర్ కాలంలో న్యూట్రల్‌తో నిజంగానే కొంత మిగిలేది. ఇప్పటి కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ పూర్తిగా ఆపేస్తాయి. ఇంజిన్‌ని తిప్పేది చక్రాలే. అదే న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ పోయాల్సిందే. అంటే ఆదా అనుకున్నదే ఖర్చు. పైగా గేరు లేకపోతే బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ప్యాడ్లు కాగిపోతాయి, బ్రేక్ ఆయిల్‌లో తేమ ఉంటే అది మరిగి బుడగలొస్తాయి, పెడల్ నొక్కితే మెత్తగా కిందకి పోతుంది కానీ కారు ఆగదు. ఘాట్‌లో సగం దిగాక వచ్చే ఆ మాడు వాసన చాలామందికి తెలిసే ఉంటుంది. ఇంజిన్ ఆపేసిన వాళ్ల సంగతి ఇంకా ఘోరం. రెండు మూడు సార్లు నొక్కేసరికి బ్రేకుకి బలం జోడించే బూస్టర్ సాయం అయిపోతుంది, స్టీరింగ్ బండలా బిగుసుకుంటుంది. ఘాట్ ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ దాదాపు అదే గేరు. లారీ డ్రైవర్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

(ఆయుధ పూజకి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం మీద నాకేమీ అభ్యంతరం లేదు. ఖర్చు తక్కువ, ఎవరికీ దెబ్బ తగలదు.)

డబ్బు తగలేసేవి గబగబా చెప్పేస్తాను. ఏసీ గ్యాస్ ఏటా నింపించాల్సిన సరుకు కాదు, అది మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు వెతక్కుండా గ్యాస్ నింపేవాడు మిమ్మల్ని మళ్లీ రప్పించుకుంటున్నాడు. డీజిల్ కారులో ఇంజిన్ ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడితే ఎవరూ మోసం చేయలేదు, మసిని పట్టుకోవడమే దాని పని. మామూలు పెట్రోల్‌తో నడిచేలా చేసిన ఇంజిన్‌లో ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే దానికి కొత్త బలం రాదు. ఆక్టేన్ అంటే ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, శక్తి కాదు. (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ గురించి ఇక్కడ అడక్కండి. అది మూఢనమ్మకం కాదు, నిజమైన గొడవ, దానికి వేరే పోస్ట్ కావాలి.) టైర్లలో నైట్రోజన్ కొట్టిస్తే ఏదో అయిపోతుందంటారు. మామూలు గాలిలోనే 78 శాతం అదే. టైరు పక్కన అచ్చేసి ఉన్న ప్రెషర్ ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ కారుకి కావాల్సింది కాదు. కావాల్సింది డ్రైవర్ డోర్ తీస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. ఆ స్టిక్కర్‌ని చూసినవాళ్లు ఎంతమందో!

మైలేజీ మీద ఏడుపులు కూడా. కంపెనీ చెప్పే ఏఆర్ఏఐ (బళ్లని పరీక్షించే సంస్థ) అంకె ల్యాబులో రోలర్ల మీద కారు తిప్పి తీసేది. అక్కడ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ ఉండదు. ట్రాఫిక్‌ని కొలిచే టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో బెంగళూరులో పది కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాల పది సెకన్లు పట్టింది. ఆ వేగంలో ల్యాబు మైలేజీ రాలేదని షోరూమ్ వాళ్లతో గొడవపడితే ఏం లాభం?

ఇదే ట్రాఫిక్ కోసం డీజిల్ కారు కొనేవాళ్లని చూస్తే మాత్రం జాలేస్తుంది. "డీజిల్ అయితే మైలేజీ వస్తుంది, ఇంజిన్ గట్టిది" అని మామయ్య చెప్పాడట. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే కాలుష్య నిబంధన వచ్చింది. డీజిల్ కార్లకి పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని అది అప్పుడప్పుడు తగలబెట్టుకోవాలి, అందుకు పొగ బాగా వేడెక్కాలి, అంటే కారు ఒకే వేగంలో కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజూ మారతహళ్లి నుంచి బెళ్లందూరు దాకా మొదటి గేరు, రెండో గేరులో పాకే కారుకి ఆ అవకాశం ఎక్కడిది? డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. మనవాళ్లు దాన్ని పట్టించుకోరు, చివరికి ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయి పెద్ద బిల్లు చేతికొస్తుంది. నెలకోసారి అనంతపురమో కర్నూలో పోయేవాళ్లకి డీజిల్ బాగానే పనిచేస్తుంది. ఆఫీసుకీ స్కూలుకీ తిరిగే కారుకి వద్దు.

ఇంకోటి, "పదేళ్లు దాటిన డీజిల్ కారు తుక్కే కదా" అని భయపడి ఇక్కడ మంచి కార్లని అయినకాడికి అమ్ముకుంటున్నారు. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు అన్న గొడవ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. బెంగళూరులో పదిహేనేళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించుకోవచ్చు.

ఇక వాన. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ కార్లు మునిగిపోయాక మా పక్క బ్లాక్‌లో ఒకాయన చేసిన పని, నీళ్లు తగ్గగానే కిందకి పోయి తాళం తిప్పడం. "ఒకసారి స్టార్ట్ అయితే అంతా బయటికి ఊదేస్తుంది" అనేది ఆయన నమ్మకం. ఇంజిన్ లోపలికి నీళ్లు పోయి ఉంటే పిస్టన్ వాటిని నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. వంగేది కనెక్టింగ్ రాడ్. మునిగిన కారు మునిగినట్టే ఉంటే ఇన్సూరెన్స్‌తో ఒక లెక్క. స్టార్ట్ చేసి ఇంజిన్ పగలగొట్టుకుంటే మామూలు పాలసీ ఇవ్వదు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. "నాది బంపర్ టు బంపర్ పాలసీ" అని ఆయన ధీమా. అది విడిభాగాల తరుగుదల కోత పడకుండా కాపాడేది మాత్రమే, పేరు చూసి అన్నీ వస్తాయనుకుంటారు.

పెద్ద కారైతే నీళ్లలో పోతుందనేది మరో భ్రమ. ఎస్‌యూవీ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో మాత్రమే నడుస్తాయి, నాలుగూ తిరగవు. మోకాలి లోతు నీళ్లు చాలు, టైర్లు రోడ్డుని వదిలి తేలడానికి. 2023 మే 21న కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో నీళ్లలో చిక్కుకున్న కారులో ఉన్నది మన తెలుగు కుటుంబమే, అందులో ఒక అమ్మాయి చనిపోయింది. అండర్‌పాస్‌లో నీళ్లు కనబడితే వెనక వంద హారన్లు మోగినా కారు దించకండి. పొరపాటున దిగితే కిటికీ పనిచేస్తున్నప్పుడే దించుకుని బయటికి వచ్చేయండి. బయట నీళ్లు పెరిగాక డోర్ తెరుచుకోదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేది. "పాత బళ్ల రేకు గట్టిది, ఇప్పుడన్నీ డబ్బా కార్లు, వేలు పెడితే సొట్ట." అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే సంస్థ 2009లో ఒక 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ని, ఒక 2009 నాటి షెవర్లే మాలిబూని ఎదురెదురుగా గుద్దించింది. ఆ రోజుల ఇనప బండి లోపలికి కుంగిపోయింది, మనిషి ఉంటే చచ్చిపోయేవాడే. కొత్త కారు ముందుభాగం నుజ్జయింది, లోపలి మనిషికి కాలికి చిన్న దెబ్బతో పోయేది. ముందుభాగం నలగడానికే చేశారు. అది నలిగితే దెబ్బ మనదాకా రాదు. అది తెలియక ఇనప క్రాష్ గార్డులు బిగిస్తారు. నలగాల్సిన చోట నలగనివ్వదు, నడిచిపోయేవాడిని గుద్దితే ఎముకలు మిగల్చదు. కేంద్రం 2017 డిసెంబరులోనే వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. హోసూర్ రోడ్డు మీద చూడండి, ఎన్ని తిరుగుతున్నాయో.

ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా, బెల్ట్ ఎందుకు అనేవాళ్లది ఇదే బాపతు. ఎయిర్‌బ్యాగ్ బెల్ట్‌కి తోడు, బదులు కాదు. రెప్పపాటుకన్నా తక్కువలో పేలి బయటికొస్తుంది. బెల్ట్ లేకుండా ముందుకి విసిరేసిన మనిషి ముఖం ఆ పేలుడుకే ఎదురుపడుతుంది. ముందు సీట్లో ఒళ్లో పాపని కూర్చోబెట్టుకున్న తల్లి సంగతి ఆలోచించండి. "నేను గట్టిగా పట్టుకున్నాను కదండీ" అంటారు. యాభై కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనులో పదో వంతులో ఆగిందనుకుంటే, పది కిలోల పాప నూట నలభై కిలోల బరువుతో చేతుల్లోంచి లాగుతుంది. ఏ తల్లి చేతులకీ ఆ బలం ఉండదు.

వెనక సీటుకి బెల్ట్ అక్కర్లేదనుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్‌ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లోనే, బెల్ట్ పెట్టుకోకుండా. కారు ఖరీదైనదే. ఆ తర్వాత కొన్నాళ్లు అందరూ మాట్లాడారు, ఆపేశారు. వెనక కూర్చున్నా బెల్ట్ లేకపోతే చట్టం ప్రకారం వెయ్యి రూపాయలు జరిమానా. బీప్ శబ్దం రాకుండా ఉత్త బకిల్ క్లిప్పులు కొని గుచ్చేవాళ్లు కూడా ఉన్నారు. 2023లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకాల నుంచి వాటిని తీయించాల్సి వచ్చింది, అంత గిరాకీ మరి.

"సిటీలోనే కదా, స్పీడెక్కడ?" అంటారా? రాత్రి పదకొండు దాటాక బళ్లారి రోడ్డు మీద ఎయిర్‌పోర్టు వైపు ఎవరూ నత్తలా పోరు. మీ కారులో వెనక సీటు కవర్లు వేయించి ఉంటే ఒకసారి వెళ్లి చూడండి, బెల్ట్ బకిల్స్ కవర్ కిందకి తోసేసి ఉంటాయి. వేలు పెట్టి బయటికి లాగండి. రాకపోతే కత్తెరతో కవర్ కోసేయండి, ఎంత ఖరీదైనదైనా సరే.