మంచి మాటైతే హదీసు అయిపోతుందా?

నెల్లూరు కోటమిట్టలో టీ తాగుతూ మా చాచా ఫోన్ నా చేతికిచ్చారు. పచ్చటి బొమ్మ, మూలన గులాబీ, మధ్యలో తెలుగులో ‘విద్య కోసం చైనాకైనా వెళ్లండి - హదీసు’. ఏ కితాబులోదో లేదు. అడిగితే, ‘‘మంచి మాటే కదా బేటా, తప్పేముంది?’’ అన్నారు.

మాట మంచిదే. హదీసు అంటే ముహమ్మద్ ప్రవక్త మాటగానో చేతగానో చెప్పుకునేది; ఇది ఆయన అన్నారనడంతోనే పేచీ. 12వ శతాబ్దపు బాగ్దాద్ పండితుడు ఇబ్నుల్ జౌజీ దీన్ని కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు.

పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేసేవాళ్లం మనం. హదీసుకు సనద్ అలాంటిదే: ఫలానా వారు ఫలానా వారి దగ్గర విన్నారు, ఆయన ఇంకొకరి దగ్గర... అలా ప్రవక్త దాకా. మధ్యలో ప్రతి మనిషినీ ఆరా తీస్తారు. నిజాయితీపరుడా? జ్ఞాపకం గట్టిదేనా? గురువు పోయాక పుట్టిన శిష్యుడు ‘విన్నాను’ అంటే లింకు తెగినట్టే. ఇలా వడగట్టిన హదీసు పండితుడు బుఖారీ (810-870) సంకలనంలో పునరుక్తులు తీసేస్తే మిగిలేవి సుమారు 2,600 మాత్రమే. అలాగని లెక్క ఎప్పుడూ ఒకేలా తేలదు. ఒక పండితుడు నమ్మదగినవాడన్న మనిషిని ఇంకొకరు బలహీనుడంటారు.

చాచా వాదన కొత్తదేం కాదు. నూహ్ ఇబ్న్ అబీ మర్యమ్ అనే ఆయన ఖురాన్ సూరాల (అధ్యాయాల) మహిమల మీద హదీసులు అల్లాడట. ఎందుకంటే, జనం ఖురాన్ పక్కన పెట్టి ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) చర్చల్లో, యుద్ధగాథల్లో పడ్డారు, పుణ్యానికే చేశానన్నాడని హదీసు శాస్త్ర గ్రంథాలు చెబుతాయి. దొంగ కంటే ఇలాంటి భక్తుణ్ణి పట్టుకోవడమే కష్టం!

అసలు సనదులే తర్వాతి కాలంలో వెనక్కి పెరిగాయని, అంటే తర్వాతివాళ్లే వాటిని ప్రవక్త దాకా పొడిగించారని, 1950లో పాశ్చాత్య పరిశోధకుడు జోసెఫ్ షాఖ్త్ వాదించారు. తర్వాతి పరిశోధకుల్లో హరాల్డ్ మోట్జ్‌కీ లాంటివారు ఒకే హదీసు వేర్వేరు పాఠాలను, సనదులను పక్కపక్కన పెట్టి చూసి, అంత టోకుగా కొట్టిపారేయలేమన్నారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది.

మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ మొదలైతే నా ఫోన్‌కు రెండు రకాల హదీసులూ వస్తాయి, పండుగను మెచ్చేవి, తిట్టేవి. రెంటికీ సనద్ ఉండదు.

చాచా ఊరుకోలేదు. పంపినాయనకు అక్కడే ఫోన్ కొట్టి, ‘‘ఏ కితాబులోది భాయ్?’’ అన్నారు. స్పీకర్లో జవాబు వినిపించింది: ‘‘నాకూ ఫార్వర్డే వచ్చింది.’’