లినక్స్ సరే, మరి పెళ్లికార్డులు?

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆగిపోయింది, పాత సిస్టమ్ పారేయకుండా విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోండి అన్నారు, బానే ఉంది, మావాడి లాప్‌టాప్‌లో మింట్ అనే లినక్స్ రకం వేశాను, సినిమాలకీ మెయిల్‌కీ ఏ లోటూ లేదు. కానీ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాలాంటి డీటీపీ షాపులోళ్ల సంగతేటి? పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు అన్నీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లోనే, అవేమో లినక్స్‌లో నేరుగా నడవవు. ఆ పేజ్‌మేకర్ 7 వచ్చిందే 2001లో బాబూ! ఈ పాత ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కాదు, ఇంగ్లీష్ అక్షరాల కోడ్ల మీద తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి, ఫాంట్ లేనిచోట ఫైల్ తెరిస్తే అంతా గజిబిజి రాతే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒక్కోసారి ఒత్తులు ఎగిరిపోతాయి, పెళ్లికూతురు పేరులో ఒత్తు పోతే ఆళ్లు ఊరుకుంటారేటి?

విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో జనరేషన్ నుంచే, మాది ఆరోది. అందుకే నెట్ వైరు పీకేసి పాతదాంతోనే లాగిస్తన్నాం, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే (దాంతో వైరస్ రాదా అనకండి, వస్తాది). ముహూర్తాల సీజన్ అయ్యాక కొత్త కార్డులైనా యూనికోడ్‌లో మొదలెడదామని ఉంది, ముందు మా కుర్రోడు కొత్త కీబోర్డు నేర్చుకోవాలి కదా, ఆడికి అనులో ఉండే ఆపిల్ లేఅవుటే (కీబోర్డు మీద తెలుగు అక్షరాల అమరిక) అలవాటు.